అన్నవాహికలో నిటినాల్ స్టెంటు: చల్లటి అంబలి తాగవచ్చా?

మాది పర్లాకిమిడి. నాన్నకు అన్నవాహికలో కణితి. మెతుకు దిగడం లేదు, గంజి కూడా గుటక గుటకకూ ఆగిపోతోంది. విశాఖలో డాక్టరుగారు నిటినాల్ స్టెంటు, అంటే దారి తెరిచి ఉంచే వలలాంటి గొట్టం, వేద్దామన్నారు. నిటినాల్ అంటే నికెల్, టైటానియం కలిపిన లోహమట; గొట్టాన్ని సన్నగా నొక్కి లోపలికి పంపితే తనంతట తానే విచ్చుకుని, ఒంటి వేడిలో పాత ఆకారానికి వస్తుందట.

మరి వేడికి బిగిసేది చల్లదనానికి మెత్తబడదా? నాన్నకేమో తెల్లవారగానే కుండలోని చల్లటి అంబలి పడాలి! పైగా గొలుసు గడియారం పెట్టుకుంటే ఆయన మణికట్టంతా దద్దుర్లు. అది నికెల్ పడకపోవడమేనేమో, డాక్టరుగారికి చెప్పడం మరిచాను. రేపు ఫోను చేస్తాను.

శుక్రవారం వేస్తారు. మీ ఇంట్లో ఎవరికైనా వేయించి ఉంటే, మొదటి వారం ఏం తినిపించారు? పడుకునేటప్పుడు తలవైపు ఎంత ఎత్తు పెట్టారు?