ఇర్వింగ్‌ల కొత్తగా దిగిన: పాటలు వినెతందుకు రిసీవర్ ఏది కొనాలె?

జడ్చర్ల (కొత్త మెంబర్):
అందరికి నమస్తే. డాలస్ పక్కన ఇర్వింగ్‌ల ఉంటున్న, అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు. ఆఫీసుల ఒకాయన వేరే ఊరికి పోతూ ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఉత్తగనే ఇచ్చిపోయిండు. వాటికి స్టీరియో రిసీవర్ (స్పీకర్లను నడిపే పెట్టె, రేడియో గూడ ఉంటది) కావాలె. 250 డాలర్లు దాటొద్దు. ఫోన్ల పాటలు, టీవీ సౌండ్ రెండూ రావాలె. ఊర్ల మా ఇంట్ల ఆంప్ (స్పీకర్లకు సౌండ్ పెంచి పంపే యాంప్లిఫయర్) ఒకటి ఖాళీగ ఉన్నది, నాన్న వచ్చేటప్పుడు తెప్పించుకుంటే నడుస్తదా?

మిర్యాలగూడ అక్క:
తెప్పియ్యకు తమ్ముడూ. అది 230 వోల్టులది, ఇక్కడ ప్లగ్గుల వచ్చేది 120. స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలె, అది ఇటుకంత బరువు, పైగా గుయ్యిమని మోత. ఆంప్ వెనక వోల్టేజ్ మార్చే స్విచ్ ఉంటే వేరే సంగతి. ఇక్కడ కొన్నది ఊరికి తీస్కపోయినా ఇదే లెక్క, 230ల నేరుగ పెడితే మసి. బ్యాగుల ఆ జాగకు మామిడికాయ తొక్కు పట్టించు. మటన్ తొక్కు మాత్రం వద్దు, ఎయిర్‌పోర్టుల గుంజుకుంటరు.

దేవరకొండ (ఫ్రిస్కో):
తమ్మీ, రిసీవర్ సంగతి తర్వాత, ముందుగాల నీ లీజు తీసి చదువు. క్వైట్ అవర్స్ (మోత చెయ్యొద్దనే గంటలు) ఏ టైం నుంచి ఏ టైం దాక ఉన్నయో చూడు. నేను ప్లేనోల మూడో అంతస్తుల ఉన్నప్పుడు కింది ఇంటాయనకు మా సబ్‌వూఫర్ (బేస్ మోతకే ఉండే స్పీకర్) పడేది కాదు. పాట ఆయనకు వినపడదు, దుమ్ దుమ్ ఒక్కటే సీలింగ్‌ల నుంచి దిగుతది. ఆఫీసోళ్లు తలుపుకు కాగితం అంటిచ్చిన్రు. సరే, సబ్ బంద్ చేసిన, ఆయనతోని మాట మంచిగనే అయింది.

అసలు కథ ఖాళీ చేసినంక. డిపాజిట్ల కోసి పంపిన బిల్లు చూస్తే, స్పీకర్ బ్రాకెట్ల బొక్కలకు ఇంత, హాల్ కార్పెట్ మొత్తం మార్చుడుకు ఇంత! ఎందుకయ్యా అంటే, సబ్ పెట్టిన మూలకు మరక ఉన్నదట. ఆ మరక మేము దిగకముందే ఉన్నది. దిగిన రోజే ఇల్లంత వీడియో తీసిపెట్టిన, కిటికీ కింద పెనమంత గోధుమరంగు మరక సాఫ్‌గ కనపడుతది. ఫోన్ చేస్తే "మేనేజర్ లేడు", మళ్ల చేస్తే "సిస్టంల అట్లనే ఉంది". గప్పుడు వీడియో పెన్‌డ్రైవ్‌ల ఏసి, ఉత్తరం రాసి, సర్టిఫైడ్ మెయిల్‌ల పంపిన.

టెక్సస్ రూల్ రాసిపెట్టుకో: ఖాళీ చేసినంక 30 రోజులల్ల డిపాజిట్ వాపస్ ఇయ్యాలె, కోస్తే దేనికెంత కోసిన్రో లెక్క రాసియ్యాలె. కాని నువ్వు కొత్త అడ్రస్ రాతపూర్వకంగ ఇచ్చి ఉండాలె, నోటిమాట చెల్లదు. వాడకంతోని సహజంగ అరిగినదానికి పైసలు పట్టుకోవద్దు. కావాలని ఆపుకుంటే 100 డాలర్లు, ఆపినదానికి మూడింతలు, వకీలు ఖర్చు వాళ్ల మీదనే పడతయి. ఉత్తరంల ఈ ముక్క రాసినంక కార్పెట్ పైసల చెక్కు వచ్చింది. బొక్కల పైసలు రాలే. అందుకే బ్రాకెట్లు కొట్టకు, స్టాండ్లు కొను.

సూర్యాపేట:
అన్నా, పిలగాడు రిసీవర్ అడిగిండు, నువ్వు వకీలు ఫీజు చెప్పవడ్తివి.

తమ్మీ, రెండు పేర్లు చెప్త: సోనీ ఎస్‌టీఆర్-డీహెచ్190, యమహా ఆర్-ఎస్202. రెండిట్ల బ్లూటూత్ ఉంది, ఎఫ్ఎం ఉంది. రేట్లు కిందమీద అయితుంటయి, చూసి కొను. ముందుముందు రికార్డ్ ప్లేయర్ పెట్టే ఆలోచన ఉంటే సోనీ, దానికి ఫోనో ఇన్‌పుట్ (రికార్డ్ ప్లేయర్ వైరు పెట్టే జాగ) ఉంది, ఆ యమహాకు లేదు. రెండిటికీ ఆప్టికల్ (టీవీ డిజిటల్ సౌండ్ వైరు పెట్టే జాగ) లేదు. టీవీ వెనక ఆప్టికల్ ఒక్కటే ఉంటే నడుమ చిన్న డాక్ డబ్బా (డిజిటల్ సౌండ్‌ను మామూలు సౌండ్ వైరుకు మార్చేది) పెట్టాలె, టీవీ సెట్టింగ్‌ల ఆడియోను పీసీఎం అనే సాదా పద్ధతికి మార్చాలె. డాల్బీల ఉంటే ఆ చవక డబ్బాల నుంచి కుయ్ మనదు. ఒంకియో టీఎక్స్-8220 దొరికితే దాంట్ల ఆప్టికల్ ఉంది, ఫోనో ఉంది, డాక్ బాధ తప్పుతది.

వాట్ల మాయల పడకు. మన దగ్గర డబ్బాల మీద వేలల్ల పీఎంపీఓ (ఒక్క క్షణం వచ్చే గరిష్ఠ వాట్లు) అని అచ్చేస్తరు కదా, ఇక్కడ 5.1 (అయిదు స్పీకర్లు, ఒక సబ్) డబ్బాల మీద ఒక్క చానల్ నడిపి కొలిచిన అంకె పెద్దగ రాస్తరు. 50 వాట్లకు, 100 వాట్లకు తేడా 3 డెసిబెల్స్, చెవికి కొంచెమే. అపార్ట్‌మెంట్ హాల్‌ల నువ్వు వినే సౌండ్‌కు ఒకటి రెండు వాట్లు కూడ ఖర్చు కావు. ముందు ఆ స్పీకర్ల వెనక స్టిక్కర్ మీద ఎన్ని ఓమ్స్ (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు, తక్కువైతే ఆంప్ మీద భారం ఎక్కువ) ఉందో చెప్పు. 4 అయితే చవక రిసీవర్ వేడెక్కి ఆగిపోతది.

నల్లగొండ క్లాక్ టవర్:
కొత్త ప్లాస్టిక్ డబ్బాలకు 200 పెట్టుడెందుకు? పాత సామాన్లు అమ్మే క్రెయిగ్స్‌లిస్ట్ సైట్‌ల 70లనాటి పయొనీర్, మరాంట్జ్, సాన్సుయి రిసీవర్లు చూడు. 1974ల అమెరికా ప్రభుత్వం ఆంప్‌ల వాట్లు ఎట్ల కొలవాలెనో రూల్ పెట్టింది. అంతకుముందు నోటికొచ్చిన అంకె రాసేటోళ్లు. ఆ రూల్ తర్వాత వచ్చిన పెట్టెల మీద 40 వాట్లు అని ఉంటే నికరంగ 40. ముంగట అల్యూమినియం పలక, ట్యూనింగ్ నాబ్ ఒక్కసారి తిప్పి వదిలితే ముల్లు ఆ చివరిదాక జారిపోతది. అది చేతికి తెలవాలె.

సూర్యాపేట:
చేతికి తెలుస్తది, జేబుకు గూడ తెలుస్తది. 50 ఏండ్ల కెపాసిటర్లు (లోపల కరెంటు పట్టిపెట్టే భాగాలు) ఎండి ఉంటయి. వాల్యూం తిప్పితే గరగర, కాంటాక్ట్ క్లీనర్ కొట్టాలె. ఒక దిక్కు స్పీకర్ వచ్చిపోతుంటది. బాగుచేసేటోడు దొరికితే కొన్నదానికంటె ఎక్కువ అడుగుతడు. కొత్తగ వచ్చినోనికి కారే లేదాయె, ఆ బరువు రెండో అంతస్తుకు నువ్వు మోస్తవా?

నల్లగొండ క్లాక్ టవర్:
మోస్త. మా ఇంట్ల ఉన్నది క్లీనర్ ఒక్కసారి కొట్టిన, అంతే, ఇప్పటికీ పాడుతుంది.

వనపర్తి:
రిసీవరే వద్దు, ఆంప్ లోపల్నే ఉన్న స్పీకర్లు కొనుకుంటే గొడవే లేదు.

మిర్యాలగూడ అక్క:
ఉత్తగ వచ్చిన స్పీకర్లు ఉండంగ మళ్ల స్పీకర్లెందుకు? తమ్ముడూ, గోడకు ఆనిచ్చి పెట్టకు, జానెడున్నర ముందుకు జరుపు, మూలలకు అసలే వద్దు. పై చిన్న స్పీకరు కూసున్నప్పుడు చెవి ఎత్తుకు రావాలె. తర్వాత డప్పు పాట ఒకటి పెట్టి చూడు. కట్టె దెబ్బ టక్కున విడిగ వినపడాలె, దుబదుబ అని ముద్దగ వస్తే ఇంకింత ముందుకు జరుపు. కింద ఇంటోళ్లకు గూడ సుఖం.

జడ్చర్ల:
స్టిక్కర్ చూసిన అన్నా, 6 ఓమ్స్ అని ఉంది.

సూర్యాపేట:
సోనీ ఆ 6కు సరిపోతది, అది తీస్కో. వైరు 16 గేజ్‌ది (గేజ్ అంటే వైరు మందం) కొను. రెండు దిక్కులా ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే. ఒకదానికి తిరగేస్తే బేస్ మాయమైతది.

నల్లగొండ క్లాక్ టవర్:
తొందరేమి లేదు తమ్మీ. శనివారం నేనే ఇర్వింగ్ వచ్చి తీస్కపోత, మా ఇంట్ల పాతది విని చూడు.

సూర్యాపేట:
విను, బువ్వ తిను, ఒట్టిచేతులతోని రా.