జర్నల్ ఎడిటర్ పని: కెరీర్‌కు పనికొస్తుందా, వట్టి వెట్టిచాకిరేనా?

వరంగల్ మేడమ్:
మా స్పెషాలిటీ సంఘం నడిపే జర్నల్‌కు సెక్షన్ ఎడిటర్‌గా ఉండమని అడిగారు. మూడేళ్లు. పైసా ఇవ్వరు. నేను కమ్యూనిటీ మెడిసిన్‌లో అసోసియేట్ ప్రొఫెసర్‌ని, ప్రొఫెసర్ ప్రమోషన్ దగ్గర్లో ఉంది. మా హెచ్‌ఓడీ సార్ "వదులుకోవద్దమ్మా" అంటున్నారు. మా ఆయనేమో "ఇంట్లో ఉండే ఆ కాసేపూ ల్యాప్‌టాప్‌కే ఇస్తావా?" అంటున్నారు. ఎవరి మాట వినను?

చేదుమాత్ర:
మీ ఆయన మాటే వినండి మేడమ్. ప్రమోషన్‌కు నేషనల్ మెడికల్ కమిషన్ అడిగేది పబ్లికేషన్లు, అంటే అచ్చయిన సొంత పరిశోధన పేపర్లు, అవీ ఇండెక్స్ అయిన (గుర్తింపు ఉన్న జాబితాల్లో చేరిన) జర్నల్స్‌లోవి. మీరు వందమంది పేపర్లు దిద్దినా ఆ లెక్కలో మీకు పడేది సున్నా. ఆ టైమ్‌లో మీ పేపరే ఒకటి రాసుకోండి.

పాత స్టెతస్కోపు:
రూల్ గురించి చేదుమాత్ర గారు చెప్పింది నిజమే. కానీ ఆరేళ్లు ఆ పని చేసినవాడిగా ఒకటి చెప్తాను. మొదటి ఏడాది నా దగ్గరికి ఒక పేపర్ వచ్చింది. దాన్ని పరిశీలించిన నిపుణులు, అదే రివ్యూయర్లు, ఇద్దరూ బాగుందన్నారు. మొదటి టేబుల్‌లో రోగులు 84 మంది. మూడో టేబుల్‌లో గ్రూపులన్నీ కూడితే 91! రాత్రి పదకొండింటికి మూడుసార్లు కూడి చూశాను, తప్పు నాదేమోనని. రాసినవాళ్లను అడిగితే పాత ఎక్సెల్ షీట్ నుంచి ఎక్కించామన్నారు. అప్పటినుంచి ఏ పేపర్ తీసినా ముందు టేబుళ్లు కూడుకుంటాను, అబ్‌స్ట్రాక్ట్ (సారాంశం) తర్వాతే. మా పీజీల థీసిస్‌లకు ఆ అలవాటు ఎంత పనికొచ్చిందో!

ఇంకోటి, పేపర్లు ఎందుకు వెనక్కి వస్తాయో లోపలినుంచి చూస్తేనే తెలుస్తుంది. సీటీఆర్ఐలో (మనుషులపై చేసే వైద్య ట్రయల్స్‌ను నమోదు చేసే మన దేశపు రిజిస్ట్రీ) ముందే రిజిస్టర్ చేయని ట్రయల్ అని తేలితే మేం రివ్యూకే పంపేవాళ్లం కాదు. ఇవన్నీ చూశాక నా సొంత పేపర్లు వెనక్కి రావడం బాగా తగ్గింది.

చేదుమాత్ర:
"మావాడి పేపర్ కాస్త చూడు" అని వచ్చే ఫోన్ల సంగతి కూడా చెప్పండి సార్.

పాత స్టెతస్కోపు:
వస్తాయి. ఒక సీనియర్ అయితే రెండేళ్లు నాతో మాట్లాడలేదు, పెళ్లిలో ఎదురుపడినా సరే. అది మాత్రం నష్టమే, ఒప్పుకుంటాను.

హైదరాబాద్ ఫార్మకాలజీ:
మేడమ్, ముందు అది ఎలాంటి జర్నలో చూసుకోండి. పోలండ్ పరిశోధకులు అన్నా షుస్ట్ అనే లేని మనిషిని సృష్టించి, ఉత్తుత్తి బయోడేటాతో 360 జర్నల్స్‌కు ఎడిటర్ పోస్టు కోసం అప్లై చేయించారు. 48 జర్నల్స్ ఆవిడను తీసేసుకున్నాయి! 2017లో నేచర్ అనే సైన్స్ జర్నల్‌లో వచ్చింది. మా హైదరాబాద్‌లోని ఓమిక్స్ అనే జర్నల్స్ కంపెనీ సంగతీ తెలిసిందే. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసులో అక్కడి కోర్టు 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. ఒప్పుకోని ప్రొఫెసర్ల పేర్లు ఎడిటర్లుగా వేసుకోవడం ఆ ఆరోపణల్లో ఒకటి. అలాంటి చోట పేరుంటే బయోడేటాకు అందం కాదు, మచ్చ.

చేదుమాత్ర:
మంచి జర్నల్ అయినా లాభం పబ్లిషర్‌కే కదా? 2023లో న్యూరోఇమేజ్ అనే మెదడు పరిశోధన జర్నల్ ఎడిటర్లు 40 మందికి పైగా ఒక్కసారే రాజీనామా చేశారు, రచయితల దగ్గర ఒక్కో పేపర్‌కు 3,450 డాలర్లు గుంజుతున్నారని.

హైదరాబాద్ ఫార్మకాలజీ:
చేసి ఊరుకోలేదుగా, వేరే జర్నల్ పెట్టుకున్నారు. అంతమంది ఒక్క మాట మీద నిలబడ్డారంటే ఆ పరిచయాలు ఎక్కడ పెరిగాయంటారు? ఆ ఎడిటర్ పనిలోనే. అయినా మేడమ్‌ని అడిగింది సంఘం జర్నల్‌కి, కంపెనీకి కాదు.

వరంగల్ మేడమ్:
అందరికీ థాంక్సండి. మూడేళ్లు కాదు, ముందు ఒక్క ఏడాది చేస్తానన్నాను, సరేనన్నారు. ఆదివారాలు ముట్టుకోనని ఇంట్లో మాటిచ్చాను. మొదటి పేపర్ వచ్చి పది రోజులైంది. ఎనిమిది మంది రివ్యూయర్లకు మెయిల్ పెట్టాను. ఇద్దరు కుదరదన్నారు, ఆరుగురు ఉలుకూ పలుకూ లేరు. చేదుమాత్ర గారూ, మీదీ ఎపిడెమియాలజీయే కదా?

చేదుమాత్ర:
నాకు ముందే తెలుసు ఇలా అవుతుందని. పంపండి.