ఏజెన్సీ కాంట్రాక్టు: పేరోల్‌లో చేరాలా, రోజు లెక్కన బిల్లు పెట్టుకోవాలా?

బైరాగిపట్టెడ టెస్టర్:

అందరికీ నమస్కారం. ఎనిమిదేళ్లు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. నాయనకు స్టెంట్ వేశాక పోయిన ఏడాది ఉద్యోగం మానేసి తిరుపతికి వచ్చేశాను. ఇప్పుడు బెంగళూరు ఏజెన్సీ ఒకటి ఇంటి నుంచే పని ఇస్తామంటోంది. పని ఎవరిదో క్లయింటుది, డబ్బిచ్చేది ఏజెన్సీ. ఏడాది కాంట్రాక్టు, తర్వాత పొడిగించొచ్చట. డబ్బు ఏ పద్ధతిలో కావాలో నన్నే తేల్చుకోమన్నారు. శుక్రవారంలోగా చెప్పాలి.

ఒకటి, వాళ్ల పేరోల్. సీటీసీ, అంటే నా మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు, నెలకు 70,000. కంపెనీ వాటా పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ 1,683 అందులోనే కలిపేశారు. నా వాటా పీఎఫ్ ఇంకో 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికి 64,517. జీతంతో సెలవులు ఏడాదికి 18.

రెండోది, కన్సల్టెంటుగా ఇన్వాయిస్. రోజుకు 3,600. టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) 10 శాతం కోసి 45 రోజులకు వేస్తారు. నెలకు 22 రోజులు వేసుకుంటే 79,200, కోత పోగా 71,280. అంటే నెలకు ఆరేడు వేలు ఎక్కువ. మా ఇంటద్దెలో సగం అది.

ఏజెన్సీ అమ్మాయి మాత్రం "మేడమ్, చాలామంది ఇన్వాయిసే తీసుకుంటున్నారు" అని ఒకే ఫోన్‌లో మూడుసార్లు చెప్పింది. మూడోసారికి నాకు అనుమానం వచ్చింది. మేలు నాకైతే తొందర ఆమెకెందుకు? రెండేళ్లలో కరకంబాడి రోడ్డు వైపు చిన్న ఫ్లాటు కొనాలని కూడా ఉంది. ఇట్లాంటి పని చేసినవాళ్లు చెప్పండి.

కొంగారెడ్డిపల్లె అన్న:

చెల్లెమ్మా, నీ లెక్కలో తిరకాసంతా ఆ 22 దగ్గరే ఉంది. 2021లో నేనూ అక్కడే బోల్తా పడ్డాను.

శని, ఆదివారాలు తీసేస్తే ఏడాదికి పనిరోజులు 260. క్లయింటు ఆఫీసు సెలవులు ఓ పది తీసెయ్. నీకు జ్వరమొస్తుంది, నాయనను చెకప్‌కు తీసుకుపోవాలి, గంగమ్మ జాతరకు చుట్టాలు దిగుతారు. అన్నీ కలిపి పద్నాలుగు అనుకో. మిగిలేది 236 రోజులు. 3,600తో గుణిస్తే 8,49,600. పేరోల్ 12 నెలలకు 8,40,000. ఏడాదంతా కలిపి తేడా 9,600, నెలకు 800. గ్రాట్యుటీ నీ చేతికి వస్తేనే ఈ లెక్క. కాబట్టి అది ఎప్పుడు, ఎట్లా ఇస్తారో ఒకతూరి గట్టిగా అడుగు.

ఆ ఏడు నవంబరు వానలకు తిరుపతి మునిగింది గుర్తుందా? అప్పుడు నేను అక్కడే ఉన్నా. మా వీధిలో మోకాలి లోతు నీళ్లు. నాలుగు రోజులు కరెంటు లేదు, నెట్ లేదు. పేరోల్‌లో ఉన్న మా పక్కింటి అబ్బాయి ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయేలోగా మేనేజరుకు ఒక మెసేజ్ పెట్టి, మిద్దెక్కి కూర్చున్నాడు. నా టైమ్‌షీట్‌లో నాలుగు సున్నాలు పడ్డాయి.

ఇంక ఆ 45 రోజులు. ఎప్పటి నుంచి 45 అని అడిగావా? జూన్ ఒకటిన పనిలో దిగావనుకో. నెలాఖరుకు టైమ్‌షీట్ పెడతావు. మేనేజరు తీరిగ్గా జులై 6న ఓకే అంటాడు. ఆ రోజు ఇన్వాయిస్ పంపితే డబ్బు పడేది ఆగస్టు 20న. అప్పటిదాకా ఇంట్లో పొయ్యి వెలగాలి కదా? అగ్రిమెంటులో 'క్లయింటు చెల్లించిన తర్వాత' అనే ముక్క ఎక్కడైనా ఉందేమో వెతుకు. ఉంటే అది కొట్టేయించకుండా సంతకం పెట్టొద్దు.

ఇంకొకటి. ఏజెన్సీ పేరు ఎందుకులే గానీ, ప్రతి బిల్లులోనూ నాకు 10 శాతం కోసేవాళ్లు. మరుసటి జూన్‌లో రిటర్న్ వేద్దామని 26ఏఎస్ (నా పాన్ మీద జమైన పన్ను చూపించే పత్రం) తెరిస్తే మూడు నెలల కోతే కనిపించింది, తొమ్మిది నెలలది లేదు. గుండె ఆగినంత పనైంది. ఫోన్ మీద ఫోన్ చేస్తే చివరికి అకౌంట్స్ మనిషి తేల్చింది ఏమంటే, వాళ్లు వేసిన టీడీఎస్ రిటర్న్‌లో నా పాన్ నంబరు ఒక అంకె తప్పు పడింది. 5 ఉండాల్సిన చోట 6. ఆ 6 ఉన్న పుణ్యాత్ముడు ఎవరో గానీ, నా పన్ను ఆయన ఖాతాలో కూర్చుంది. సరిచేయించుకునేసరికి దీపావళి వచ్చింది. వాళ్లు రిటర్న్ వేసే గడువులు జులై 31, అక్టోబరు 31, జనవరి 31, మే 31. నువ్వు ఇన్వాయిస్ దారిలోనే పోతే, ఒక్కో గడువు దాటిన వారం పది రోజులకు తెరిచి చూసుకో.

తిరుచానూరు రోడ్డు ట్యాక్స్ మిత్రుడు:

అన్న చెప్పిన రోజుల లెక్క సరైనదే. పన్ను విషయంలో మాత్రం అంత టెన్షన్ అక్కర్లేదు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు రిబేటు ఉంది కాబట్టి రెండు దారుల్లోనూ మీరు కట్టేది సున్నా. కాకపోతే ఇన్వాయిస్ దారిలో 84,960 రూపాయలు ముందు కోసేస్తారు, రిటర్న్ వేశాక వెనక్కి వస్తాయి. మీ సొమ్ముకే మీరు ఎదురుచూడాలి.

జీఎస్టీ తీసుకోమని ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. సర్వీసులకు ఏడాదికి 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. బెంగళూరు వేరే రాష్ట్రం కదా అని భయపెడతారు. సర్వీసులకు 2017 అక్టోబరు నుంచే ఆ మినహాయింపు ఉంది.

ఆలస్యానికి మందు ఒకటుంది. ఉద్యమ్ (చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన) రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితంగా చేసుకోవచ్చు. ఆ నంబరు మీ ఇన్వాయిస్ మీద వేయండి. చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే, డబ్బు ఇచ్చేదాకా ఆ ఖర్చును ఏజెన్సీ తన పన్ను లెక్కలో చూపించుకోలేదు. మీరు పది ఫోన్లు చేసినా కదలని అకౌంట్స్ వాళ్లు మార్చి నెలలో దీనికి కదులుతారు.

మీరు ఫ్లాటు మాట అన్నారు కాబట్టి అసలు చిక్కు చెప్తాను. ఇన్వాయిస్ వాళ్లం సాధారణంగా వృత్తిదారులకున్న అంచనా ఆదాయ పద్ధతి (44ఏడీఏ అని పిలిచేది) కింద వచ్చినదాంట్లో సగమే ఆదాయంగా చూపిస్తాం. పన్నుకు హాయి. లోన్‌కు పోతే బ్యాంకు కూడా చాలావరకు ఆ సగాన్నే చూస్తుంది. మీ విషయంలో 4,24,800. పైగా రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతారు. పేరోల్ అయితే కొన్ని నెలల పే స్లిప్పులు, కంపెనీ ఇచ్చే జీతం-పన్ను సర్టిఫికెట్.

పలమనేరు తమ్ముడు:

అక్కా, వాళ్ల గ్రూప్ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలు ఉన్నారేమో అడుగు. ఉంటే ఇంకేమీ ఆలోచించొద్దు. మా అమ్మకు షుగరు. విడిగా పాలసీకి పోతే పాత జబ్బులకు మూడేళ్లు ఆగాలన్నారు. మా ఆఫీసు గ్రూప్ పాలసీలో మొదటి రోజు నుంచే వర్తించింది.

బైరాగిపట్టెడ టెస్టర్:

అందరికీ థాంక్స్. పొద్దున ఏజెన్సీ అమ్మాయికి ఫోన్ చేశాను. 45 రోజులు ఎప్పటి నుంచి అంటే, ఇన్వాయిస్ వాళ్ల సిస్టమ్‌లో ఓకే అయిన రోజు నుంచట. అన్న వెతకమన్న ముక్క ఏడో పేజీలో ఉంది, చిన్న అక్షరాల్లో. మీరు చెప్పకపోతే నేను అంత దూరం చదివేదాన్ని కాదు.

రోజుకు 4,200 ఇస్తే ఇన్వాయిస్ దారికి వస్తానన్నాను. "క్లయింటుతో మాట్లాడి చెప్తా మేడమ్" అంది. ఆ తర్వాత "చాలామంది" అనే మాట మళ్లీ వినపడలేదు.

ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలను చేర్చుకోవచ్చట, నా జీతంలోంచి నెలకు 1,100 కోస్తారు. నాయన స్టెంట్ సంగతి దాచకుండా చెప్పి, పాత జబ్బులకు కూడా వర్తిస్తుందని మెయిల్‌లో రాయించుకున్నాను. గ్రాట్యుటీ సంగతి మాత్రం "అది రూలు మేడమ్" దగ్గరే ఆగింది. అదీ రాసి పంపమన్నాను, ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా పేరోల్‌కే సరేనంటున్నాను.

ఈ లెక్కలన్నీ సాయంత్రం నాయనకు కూర్చోబెట్టి చెప్పాను. అంతా విని, "జీతం ఒకటో తారీఖు పడుతుందా?" అన్నాడు. ఏడో తారీఖు అన్నాను. "సరే, పాలవాడికి చెప్తాలే" అన్నాడు.