మిత్రకోటా, శత్రుకోటా?

పర్లాకిమిడి నుంచి:
మొన్న రాత్రి ఇంట్లో ఒక పాత నలుపు తెలుపు హాస్యచిత్రం చూశాం. పేపరాఫీసు కుర్రాళ్ళు నేరవార్త వాసన తగిలితే చాలు, తిండీ నిద్రా మానేసి దాని వెంట పడతారు. ఈ సినిమా వచ్చినప్పుడల్లా మా తాతగారు మంచం మీద లేచి కూర్చుని "పత్రికొక్కటున్న పదివేల సైన్యమ్ము, పత్రికొక్కటున్న శత్రుకోటి" అని చదివేవారు. ఆయన చాలా ఏళ్ళు పేపరు విలేఖరి. నార్ల వెంకటేశ్వరరావుగారి పద్యమని నాకు తెలుసు. కానీ ఎక్కడ చూసినా "మిత్రకోటి" అనే ఉంది. తాతగారు ఇప్పుడు లేరు. ఆయన పొరపాటు పడ్డారా, అలాంటి పాఠం నిజంగా ఉందా?

బరంపురం నుంచి:
మిత్రకోటే తమ్ముడూ, అందులో అనుమానం లేదు. "ప్రజకు రక్షలేదు పత్రిక లేనిచో" అని మూడో పాదం. సైన్యం, మిత్రులు, రక్ష, మూడూ ఒకే వైపు నిలబడ్డాయి. మధ్యలో శత్రువులొస్తే భావం విరిగిపోతుంది. ఇంకో మాట, విలేఖరి కాదు, విలేకరి. ఈనాడులో వత్తు లేకుండానే వేస్తారు.

గుణుపురం నుంచి:
అమ్మా, భావం సరే, యతి చూశారా? ఆటవెలది రెండో పాదంలో మొదటి అక్షరం ప, నాలుగో గణం మొదట మి. ఆ రెంటికీ యతి కుదరదు. అందుకే నార్లవారు ప్రాసయతి వేశారు, అంటే రెండో అక్షరాలు కలిపారు, పత్రికి మిత్ర. ఆ చోట శత్రు వేసినా అదే త్ర పలుకుతుంది, గణం కూడా అదే గలం, ఒక గురువు, ఒక లఘువు. మూలం మిత్రకోటే, ఒప్పుకుంటాను. కానీ నోరు జారితే యతి చెడాలి. ఇక్కడ చెడలేదు. ఆ పెద్దాయన ఛందస్సు తెలిసే మార్చారు.

రాయగడ నుంచి:
మాస్టారూ, నన్ను చిన్నప్పటి నుంచి తొలిచేది మొదటి పాదం. సైన్యమ్మా, సైన్యమా? మా బడిలో "సైన్యము" అనే చెప్పారు.

గుణుపురం నుంచి:
రెండూ చెల్లుతాయి బాబూ. సైన్యము భగణం, సైన్యమ్ము తగణం, రెండూ ఇంద్రగణాలే. అసలు ముడి "పత్రికొక్కటి" దగ్గర ఉంది. తత్సమ స్త్రీవాచకాల చివరి అకారానికి సంధి లేదన్నాడు వ్యాకరణం రాసిన చిన్నయసూరి. ఆయన లెక్కన "పత్రిక యొక్కటి" అనాలి. అలా అంటే గణాలు కూలిపోతాయి. నార్లవారు జనం పలికినట్టే కలిపేశారు.

బరంపురం నుంచి:
ఆ మాట పర్లాకిమిడి వాళ్ళకు చెప్పాలా? గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. 1919లో "తెలుగు" పత్రిక పెట్టి జనం పలికే భాష కోసమే పోరాడారు. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆ బాధతో రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ తేదీ, ఏప్రిల్ 1, మా ఇంట్లో ఇప్పటికీ ఎవరో ఒకరు తలుచుకుంటారు.

రాయగడ నుంచి:
నాలుగో పాదం మాటేమిటి మరి? నేను విన్నది "వాస్తవమ్ము నార్లవారి మాట". మా పెద్దన్నయ్య "నవయుగాల బాట నార్ల మాట" అంటాడు.

గుణుపురం నుంచి:
రెండూ ఆటవెలదిలో చక్కగా కూర్చున్నాయి. యతి ఒకచోట వా, వా. ఇంకోచోట న, నా. రెండోది నార్లవారి మకుటం. ఇది వేమన దారి. నార్లవారికి వేమన ప్రాణం, ఆయన మీద పుస్తకమే రాశారు. "వినుర వేమ"నే కొందరు "వినర వేమ" అంటారు, గణం మాత్రం చెడదు. బ్రౌను దొర 1829లో వేమన పద్యాలు అచ్చువేసేనాటికే ఒక్కో పద్యానికి ఎన్ని పాఠాలో! నోళ్ళలో నలిగిన పద్యానికి అదే బతుకు. వేమన పద్యం ఒక్కటి చదివితే నాకు ఆ పూటంతా వేరే పని తోచదు.

బరంపురం నుంచి:
వేమన సరే మాస్టారూ, నార్లవారు ఆంధ్రప్రభకు, తర్వాత 1960లో మొదలైన ఆంధ్రజ్యోతికి సంపాదకులు. పత్రిక చేసే మేలు కళ్ళారా చూసినవాడు కాబట్టే మిత్రకోటి అన్నారు. దాన్ని తిప్పి చదవడం నాకు మింగుడుపడదు.

పర్లాకిమిడి నుంచి:
అక్కా, మా తాతగారు చూసింది వేరు. సాయంత్రం వార్తలు రాసి, కవరు మీద ఎర్రసిరాతో "ప్రెస్" అని పెట్టి, శ్రీకాకుళం వెళ్ళే బస్సు డ్రైవరు చేతికిచ్చేవారు. నేను పక్కన నిలబడి జిగురు అంటించేవాణ్ణి. కొట్లాట వార్తో, దొంగసారా వార్తో పడితే మర్నాడు వీధిలో సగంమంది పలకరించేవారు కాదు. ఒకసారి పాలబ్బాయి పాలు పోయడం మానేశాడు, వాళ్ళ బావమరిది పేరు పేపర్లో వచ్చిందని. నానమ్మ వారం రోజులు నల్లటీ పెట్టింది. సినిమాలో కుర్రాళ్ళు పరుగెడుతుంటే అందరం నవ్వేవాళ్ళం, ఆయన పద్యం చదివేవారు.

గుణుపురం నుంచి:
అయితే నా మాటే నిలిచింది. తెలిసే మార్చారు.

బరంపురం నుంచి:
ఆ బాధ అర్థమైంది తమ్ముడూ. కానీ పాఠం పాఠమే. మీ తాతగారు నాలుగో పాదం ఎలా చదివేవారు? వాస్తవమ్మా, నవయుగాల బాటా?

రాయగడ నుంచి:
మొదటి పాదంలో సైన్యమ్మేనా, సైన్యమా, అది కూడా బాగా గుర్తు తెచ్చుకుని చెప్పన్నా.

పర్లాకిమిడి నుంచి:
సైన్యమ్మే, మ్ము మీద బాగా ఒత్తేవారు. నాలుగో పాదం ఆయన నోట నేను వినలేదక్కా. మూడోది పూర్తయ్యేసరికి సినిమాలో కుర్రాడు ఫోన్ కోసం పరుగు తీసేవాడు. "మాట్లాడకండి, ఇప్పుడు వార్త చెబుతాడు" అని మమ్మల్ని ఊరుకోబెట్టేవారు.