2.7 డిగ్రీలా, 4.4 డిగ్రీలా? నిమ్మతోట వేసేవాడు ఏ లెక్క చూడాలి?

పొదలకూరు రైతు:
మా నాన్న వేసిన నిమ్మచెట్లు ముదిరిపోయాయి. తీసేసి రెండెకరాల్లో కొత్త మొక్కలు నాటాలి. పోయిన రోహిణి కార్తెలో పడమటి వడగాలికి పిందె బఠాణీ గింజంత ఉండగానే రాలింది. పొద్దున్నే చెట్ల కింద అది చూసి కడుపు తరుక్కుపోయింది. అందుకే ముందు ఎండల సంగతి తెలుసుకుందామని కూర్చున్నా. ఈ శతాబ్దం చివరికి 2.7 డిగ్రీలు పెరుగుతుందని ఒకచోట, 4.4 అని ఇంకోచోట ఉంది. కేంద్రం 2020లో ఇచ్చిన నివేదికలోనూ 4.4 ఉంది. వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే ఈ మోడళ్లలో దేన్ని నమ్మాలి?

ఒంగోలు నుంచి, వాతావరణ శాస్త్రం చదువుతున్నాను:
అన్నా, అది మోడళ్ల తగాదా కాదు. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2021లో ఇచ్చిన నివేదికలో అవి రెండు వేర్వేరు దారులు. బొగ్గు, పెట్రోలు వాడకం మధ్యస్థంగా ఉంటే 2.7, విపరీతంగా పెరిగితే 4.4. రెండూ ప్రపంచ సగటు, 1850–1900 నాటితో పోల్చినవి. 2020 నివేదికలోని 4.4 మాత్రం మన దేశానిది. అదీ విపరీతమైన దారికే, కానీ 1976–2005తో పోల్చారు. అంకె ఒకటే అయినా లెక్క మొదలైన చోటు వేరు. ఇది నాకూ మొదట్లో తెలియక చాలా తికమకపడ్డాను.

మోడళ్ల మధ్య అసలు తేడా ఎక్కువగా మేఘాల దగ్గర వస్తుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపై భూమి దానికి సర్దుకునేసరికి 2 డిగ్రీల లోపే పెరుగుతుందని ఒక మోడల్ అంటే, 5 దాటుతుందని ఇంకోటి అంటుంది. ఐపీసీసీ వీటిని ఊరికే సగటు చేయలేదు. ఇప్పటిదాకా కొలిచిన వేడి, పాతకాలపు ఆధారాలు కూడా చూసి 3 దగ్గర నిలిపింది.

పొదలకూరు రైతు:
అర్థమైందమ్మా. కానీ నా చెట్లు 2100 దాకా ఉండవుగా?

ఒంగోలు నుంచి:
అసలు ప్రశ్న అదే అన్నా. అదే ప్రపంచ సగటు లెక్కలో 2041–2060 చూడండి: వాడకం బాగా తగ్గించే దారిలో 1.7, మధ్యస్థంలో 2.0, విపరీతంలో 2.4. మీ తోట కాపులో ఉన్నన్నాళ్లూ ఏ దారైనా వేడి పెరుగుతుంది, తేడా కొంచెమే. దారులు బాగా విడిపోయేది ఆ తర్వాత, మీ పిల్లల కాలంలో. ఇంకో మాట. ఈ మోడళ్లు భూమిని గళ్లుగా విడగొట్టి లెక్కేస్తాయి, ఒక్కో గడి దాదాపు 100 కిలోమీటర్లు. మైపాడు సముద్రపు గాలి, మీ వడగాలి ఒకే గడిలో పడొచ్చు. మీ చేను వేడి అందులో వెతకొద్దు.

కనిగిరి బత్తాయి రైతు:
తమ్ముడూ, మొక్కల కంటే ముందు పడమటి గట్టున వడగాలికి అడ్డంగా సరుగుడు వేయి. నేను తోట వేసిన నాలుగేళ్లకు వేశా, ఆ నాలుగేళ్లూ నష్టపోయా. పాదుల్లో వరిగడ్డి కూడా పరుచు.

పొదలకూరు రైతు:
రేపే గట్టు కొలుస్తా అన్నా. సరుగుడు ఎన్ని వరసలు వేశావు?