తాతయ్య ఇత్తడి మైక్రోస్కోప్, చింతపండు పెట్టి తోమొచ్చా?

సెకండియర్_కష్టాలు:
అందరికీ నమస్తే. పండక్కి ఊరెళ్తే అటక మీద చెక్కపెట్టెలో మా తాతయ్య మైక్రోస్కోప్ దొరికింది. వైజాగ్‌లో డాక్టరీ చదివేటప్పుడు కొనుక్కున్నారంట, తర్వాత ఊళ్లో ప్రాక్టీసులో మలేరియా రక్తం చూడ్డానికీ ఇదే వాడేవారంట. ఇత్తడి ట్యూబు, కింద గుర్రపునాడా లాంటి కాలు, ట్యూబు మీద ఇ. లైట్జ్ వెట్‌స్లార్ అని చెక్కి పక్కన ఏదో నంబరు. లెన్సులు మూడున్నాయి, అందులో 1/12 అని రాసుంది చూడండి, అది బాగా మసకగా ఉంది. పాథాలజీ స్లైడ్లు ఇంట్లో చూస్కోడానికి పనికొస్తుందా? అమ్మమ్మేమో ఇటివ్వు, చింతపండు పెట్టి తోమితే బంగారంలా వస్తుంది అంటోంది 😅

పాతసామాన్లోడు:
వద్దు వద్దు వద్దు!! ఆ ఇత్తడి మీద పల్చటి లక్క పూత ఉంటుంది, చింతపండైనా బ్రాసో అయినా రుద్దితే పూత పోయి నాలుగు రోజులు మెరిసి మళ్లీ నల్లబడుద్ది. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. మరలు బిగుసుకుపోయి ఉంటే లోపల గ్రీజు గట్టిపడిందని అర్థం, బలం పెట్టి తిప్పకండి, ముఖ్యంగా ఫైన్ ఫోకస్. అది విరిగిందంటే ఇక షోకేసుకే.

స్లైడ్_పిచ్చి:
పాథాలజీ పీజీని. 1/12 అంటే అంగుళంలో పన్నెండో వంతు ఫోకల్ లెంగ్త్, అది మన ఆయిల్ ఇమ్మర్షనే, అంటే స్లైడ్ మీద నూనె చుక్క వేసి చూసే లెన్సు. అప్పట్లో సెడార్‌వుడ్ ఆయిల్ వేసేవాళ్లు, తుడవకుండా వదిలేస్తే బంకలా ఎండిపోద్ది, మీ మసక చాలావరకు అదే అయ్యుంటుంది. లెన్స్ పేపర్ కొసకి ఒక్క చుక్క జైలీన్ (ల్యాబ్‌లో జిడ్డు కరిగించే ద్రవం) తగిలించి అలా పైపైన తుడవండి, నానబెట్టారో లోపల అద్దాల్ని అతికించిన కెనడా బాల్సం కరిగిపోతుంది. ఇంకోటి, మీ ట్యూబు మీదున్న లైట్జ్ జర్మన్ కంపెనీ, వాళ్ల లెన్సులు 170 మి.మీ. పొడవు ట్యూబుకి చేసినవి, మనం కాలేజీలో చూసే చాలావాటిలా 160 కాదు. పైన లాగే గొట్టం మీద అంకెలుంటే దాన్నిబట్టి సర్దుకోండి, నోస్‌పీస్ (లెన్సులు బిగించే తిరిగే భాగం) ఎత్తు కూడా అందులో కలుస్తుంది. స్లైడ్ కింద వెలుగుని కూడగట్టే లెన్సు, అదే కండెన్సర్, ఉంటే అడుగున వెలుగు పట్టే అద్దాన్ని చదునువైపు తిప్పండి, లేకపోతే గుంటవైపు. ఎండని నేరుగా అద్దంలోకి పట్టి కన్ను పెట్టేరు, కన్ను పోద్ది. టేబుల్ లైటు చాలు.

బేగంపేట_బాబాయ్:
మసకనుకుని దిగులు పడకు, మా ఏరియాలోనే రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని పట్టుకున్నాడు కదా, అప్పుడాయన మైక్రోస్కోప్ మరలు చెమటకి తుప్పు పట్టి, మిగిలిన ఒక్క ఐపీసూ పగిలి ఉందంట. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చునేవాడు 😄

సెకండియర్_కష్టాలు:
థాంక్స్ అందరికీ! గొట్టం పూర్తిగా లోపలికి నొక్కేసి ఉంది, లాగి సర్దాక మధ్య లెన్సులో లివర్ స్లైడ్ భలే కనిపించింది. జైలీన్ రేపు ల్యాబ్‌లో అడుగుతా. నేనిది టైపు చేసేలోపు అమ్మమ్మ పెట్టె గొళ్లేలు మాత్రం తోమేసింది, అవి తళతళలాడుతున్నాయి.