పగడాల పరిశోధనశాలలో చేరబోతున్న నల్లజాతి విద్యార్థినికి గైడ్‌గా నేను చేయవలసినదేమిటి?

ప్రశ్న: అలలరేవు

నేను విశాఖపట్నంలో చదువుకుని, ప్రస్తుతం అమెరికా ఆగ్నేయ తీరంలోని ఒక విశ్వవిద్యాలయంలో పగడపు దిబ్బలపై చిన్న పరిశోధనశాల నడుపుతున్నాను. వచ్చే ఆగస్టులో ఒక నల్లజాతి యువతి నా వద్ద పీహెచ్‌డీలో చేరనున్నారు. మా విభాగంలో మరో నల్లజాతి మహిళ ఆచార్యులలోనూ లేరు, విద్యార్థులలోనూ లేరు. ఆమె ఇంకా అడుగుపెట్టకముందే వైవిధ్య కమిటీలో ఆమె పేరు వేయవచ్చునా అని విభాగం వారు నన్ను అడిగారు. నేనూ వలస వచ్చినదాన్నే అయినా, అంతమాత్రాన ఆమె దారి నాకు తెలుసునని అనుకోలేను. ధైర్యవచనాలు కాకుండా, మొదటి సంవత్సరంలో చేతనైన పనులేమిటో తెలిసినవారు చెప్పగలరని మనవి.

జవాబు: పాతపటం

పనుల సంగతి ఇతరులు చెబుతారు. ఆ తీరం చరిత్ర మాత్రం మీరు ముందుగా తెలుసుకోవడం మంచిది. మయామీలో నల్లజాతివారికి అధికారికంగా ఒక సముద్రతీరం దక్కింది 1945 ఆగస్టులోనే. అదీ తెల్లవారికి మాత్రమే అనుమతి ఉన్న హాలోవర్ తీరంలో ఆ మే నెలలో కొందరు నల్లజాతివారు పట్టుబట్టి నీటిలో దిగి నిరసన తెలిపిన తరువాత. అలా కేటాయించిన వర్జీనియా కీ ద్వీపం మీదనే నేడు మయామీ విశ్వవిద్యాలయపు రోజెన్‌స్టీల్ సముద్ర విజ్ఞాన కళాశాల ఉన్నది.

పగడాలపై పరిశోధించిన నల్లజాతి శాస్త్రవేత్త జోన్ మరెల్ ఓవెన్స్ 1933లో పుట్టింది ఆ మయామీలోనే. సముద్రశాస్త్రం చదవాలని చిన్ననాటి నుంచి కోరిక ఉన్నా, ఫిస్క్ విశ్వవిద్యాలయంలో అటువంటి కోర్సు లేక లలితకళలలో పట్టా పుచ్చుకున్నారు; ఆ తరువాత ఏళ్ల తరబడి ఇంగ్లీషు బోధించారు. ముప్పై ఏడేళ్ల వయసు దాటాక జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మళ్లీ మొదటి మెట్టు నుంచి భూగర్భశాస్త్రం చదివి 1984లో డాక్టరేట్ సాధించారు; ఆ శాస్త్రంలో డాక్టరేట్ పొందిన తొలితరం నల్లజాతి అమెరికన్ మహిళలలో ఆమె ఒకరు. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తలక్షణం వల్ల సముద్రంలోకి దిగే వీలు లేకపోవడంతో, స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఎప్పుడో సేకరించి ఉంచిన నమూనాలను, గుండీ ఆకారంలో ఒంటరిగా పెరిగే లోతునీటి పగడాలను, పరిశీలించి ఒక కొత్త ప్రజాతిని గుర్తించారు. ఆమె పట్టుదలను అందరూ మెచ్చుకుంటారు. మధ్యలో పోయిన ఆ పదిహేనేళ్లకు పైగా కాలాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గైడ్ అయినవారు చూడవలసింది ఆ లెక్కనే.

జవాబు: నీటిబడి

నేను శాస్త్రీయ డైవింగ్ శిక్షణలో పనిచేస్తాను. అమెరికన్ అకాడమీ ఆఫ్ అండర్‌వాటర్ సైన్సెస్ ప్రమాణాల ప్రకారం, అభ్యర్థి ఏ సాధనమూ లేకుండా 400 గజాలు 12 నిమిషాలలోపు ఈదాలి. నీటి అడుగున 25 గజాలు వెళ్లాలి. చిన్నప్పుడు ఈతకొలను అందుబాటులో ఉన్నవారికి ఇది గండం కాదు. పై జవాబులోని చరిత్ర వల్ల అనేక నల్లజాతి కుటుంబాలలో ఈత తరతరాలుగా అందలేదు కనుక, ఆమె అడిగేదాకా ఆగకుండా మొదటి సెమిస్టర్‌లోనే ఈత శిక్షణను పని గంటలలో భాగం చేసి, రుసుము ప్రాజెక్టు నుంచి ఇవ్వండి. బిగువుగా అల్లిన జడల మీద మాస్కు పట్టీ జారుతుంది, లేదా జుట్టును లాగుతుంది. నియోప్రీన్ అనే మెత్తని రబ్బరుతో చేసిన వెడల్పాటి తొడుగు వేస్తే చాలావరకు సరిపోతుంది. తలను కప్పే పెద్ద హుడ్ ఒకటి పరికరాల గదిలో ముందే ఉంచితే, పడవ మీద పదిమంది ఎదుట అడగవలసిన అవసరం ఆమెకు రాదు.

ఇక డబ్బు. ముందు సొంత కార్డుతో ఖర్చు పెట్టి తరువాత తిరిగి తీసుకొమ్మనే పద్ధతి, వెనుక ఆస్తి లేని విద్యార్థులను నిశ్శబ్దంగా బయటకు నెడుతుంది. టికెట్టు, వసతి, వెట్‌సూట్ విభాగమే కొనాలి. రేవులలో, ప్రైవేటు తీరాలలో పనిచేసేటప్పుడు విశ్వవిద్యాలయపు ఉత్తరం, గుర్తింపు ఉన్న చొక్కా, వాహనంపై బోర్డు ఉండాలి. స్థలయజమానులకు, స్థానిక పోలీసులకు మీరే ముందుగా తెలియజేయాలి. అమీలియా-జూలియెట్ డెమరీ, మోనిక్ పిప్కిన్ 2020లో సురక్షిత క్షేత్రపరిశోధనపై ప్రచురించిన వ్యాసాన్ని మీ బృందమంతా చదవడం అవసరం, ఆమె ఒక్కరే కాదు.

అలలరేవు

ఎంతో ఉపయోగకరంగా ఉన్నది. అయితే వైవిధ్య కార్యక్రమాలను ఆపమంటూ 2025 జనవరిలో అధ్యక్షుడు ఇచ్చిన ఉత్తర్వుల తరువాత మా విభాగం వారు ఇటువంటి ఏ ఏర్పాటుకైనా జంకుతున్నారు. కమిటీ విషయమూ తేలలేదు.

జవాబు: మూడోగట్టు

నీటిబడి గారు చెప్పిన వాటిలో ఒక్కటి కూడా జాతిని బట్టి ఇవ్వవలసినది కాదు. ఈత శిక్షణ, ముందస్తు చెల్లింపు, భద్రతా ఉత్తరం మీ పరిశోధనశాలలో అందరికీ వర్తించే నియమాలుగా రాసి పెట్టండి. అవి ఎక్కువ అవసరమైనవారికే ఎక్కువ ఉపయోగపడతాయి.

కమిటీకి మాత్రం నిర్మొహమాటంగా కాదని చెప్పండి, ఆ మాట ఆమె చేత చెప్పించకండి. నల్లజాతి జంతుశాస్త్రవేత్త రోజర్ ఆర్లినర్ యంగ్ 1920లలోనే వుడ్స్ హోల్ సముద్రజీవ ప్రయోగశాలలో సముద్రజీవుల అండాలపై పనిచేసిన సమర్థురాలు. ఒకవైపు హోవర్డ్ విశ్వవిద్యాలయంలో బోధన భారం, మరొకవైపు మంచాన పడిన తల్లి సంరక్షణ. 1930లో షికాగోలో అర్హత పరీక్ష తప్పారు, 1936లో ఉద్యోగమూ పోయింది. వుడ్స్ హోల్‌లో పరిచయమైన హైల్‌బ్రన్ అనే ఆచార్యుడు చేరదీయగా, 1940లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. ఇప్పుడు ఆమె పేరిట ఫెలోషిప్ ఉన్నది, కానీ ఆమెకు కావలసినది అప్పట్లో కాస్త ఖాళీ సమయం.

మీరు ఇవ్వలేని తోడు వేరేచోట ఉన్నది. నిక్కీ ట్రేలర్-నోల్స్ ప్రారంభించిన 'బ్లాక్ విమెన్ ఇన్ ఎకాలజీ, ఎవల్యూషన్ అండ్ మెరైన్ సైన్స్', టియారా మూర్ స్థాపించిన 'బ్లాక్ ఇన్ మెరైన్ సైన్స్' 2020 నుంచి పనిచేస్తున్నాయి. ఆ సమావేశాలకు వెళ్లే రోజులను సెలవుగా కాక పనిదినాలుగా లెక్కించండి. ఇంకొకటి: తొలి నమూనా సేకరించకముందే, ఏ వ్యాసంలో మొదటి రచయిత ఎవరో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. నా అనుభవంలో విద్యార్థులకూ గైడ్‌లకూ చెడేది ఎక్కువగా అక్కడే.